పసుపునీళ్ళు పడ్డ పుస్తకాలు

ఆవు పంచితం, పసుపు, తడిసిన కాగితం. ఈ మూడూ కలిసి మూసిన బీరువాలో మగ్గితే ఎట్లాంటి వాసన వస్తుందో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది ఉండరు. నాకు తెలుసు. ఖాజాగూడలో మా ఊరి గ్రంథాలయం వాసన అది.

ఆ గది ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. కింద కాఫీ అమ్ముతారు. మా మనవరాలు పనిచేసేది ఆ మేడలోనే. సెలవు రోజున నన్ను తీసుకువెళ్ళి ఆ కాఫీ కొట్లో కూర్చోబెడుతుంది. కాఫీ వాసన ముక్కుకు పైపైనే తగులుతుంది. దాని అడుగున ఆ పాత వాసనే వస్తుంది. కప్పు సగంలో వదిలేస్తాను. అరగదేమో అనుకుంటుంది పాపం.

డైరీ రాయడం నాకు చిన్నప్పుడే పట్టిన అలవాటు. ఆనాటి డైరీల్లో ఎండ, వాన, చెరువులో నీళ్ళు, ఎవరింట్లో పెళ్ళి, ఏ కుండల ఆవము బాగా కాలింది, ఇవే ఎక్కువ. గ్రంథాలయం సంగతి వచ్చేసరికి మాత్రం చేతిరాత మారిపోతుంది. కలం ఒత్తి రాశాను. ఆ పేజీల వెనకవైపు వేలితో తడిమితే ఇప్పటికీ గరుకుగా తగులుతుంది. ఆ వయసులో కోపం త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. అది కోపం కాదు, ఏవగింపు. అందుకే పోలేదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. అంతకుముందు మా ఊళ్ళో తెలుగు పుస్తకం నలుగురు కూర్చుని చదవాలంటే ఎవరి అనుమతి కావాలో, ఎవరికి కోపం వస్తుందో చూసుకోవలసి వచ్చేది. రాజ్యం మారగానే ప్రతి ఊరికీ గ్రంథాలయం కావలసి వచ్చింది. కొండాపూర్‌లో పెడుతున్నారట, కూకట్‌పల్లిలో పెట్టేశారట అని వార్తలు. మా ఊరి పటేల్ వెనకబడతాడా? నిన్నటిదాకా ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకుని ఉర్దూలో సంతకం చేసిన మనిషి, తెల్లటోపీ కుట్టించుకుని, చావడి పక్కన ఉన్న తన పాత గింజల గది ఊడ్పించాడు. తాను అధ్యక్షుడు. బడిపంతులు కార్యదర్శి. మిగతావాళ్ళు తలలూపడానికి.

తాళంచెవి నాకిచ్చారు. మాది కుమ్మరి ఇల్లు. సారె మీద అన్న కూర్చునేవాడు. నేను పట్నంలో మేనమామ ఇంట్లో ఉండి ఉర్దూ బడిలో చదివాను. తెలుగు ఇంటి దగ్గర నేర్చుకున్నాను. రెండూ చదవగలిగినవాడు ఊళ్ళో నేనొక్కడినే దొరికాను. పైగా నేను గదిలోకి వస్తే పంతులుకు మైల లేదు, చాప మీద కూర్చోనంతవరకు.

ఊరంతా పుస్తకాలు ఇవ్వాలని టాంటాం వేయించారు. ఇచ్చారు. అటకల మీద ఏది అడ్డంగా ఉందో అది ఇచ్చారు. ఒక మూట విప్పితే ఎలుక గూడు, లోపల కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు. ఒక పురాణం పేజీలు తమలపాకు ఉమ్మితో అంటుకుపోయి ఉన్నాయి. వేలు నాలుక మీద తడి చేసుకుని పేజీ తిప్పే పెద్దలు ఉండేవారు. వాళ్ళ పుస్తకాలకు కింది మూలలు నల్లగా, జిడ్డుగా, అర్ధచంద్రాకారంలో అరిగిపోయి ఉండేవి. వాటిని ముట్టుకున్న రోజు నాకు అన్నం సయించేది కాదు. కొండాపూర్‌లో పటేల్ బావమరిది తమ వంశం గొప్పతనం మీద పద్యాలు అచ్చు వేయించుకున్నాడు. ఆ పుస్తకం ప్రతులు ఒక ఎడ్లబండి వచ్చింది. వాటికి మాత్రం చెద లేదు. ఎవరూ తెరవలేదు కనుక.

ఇక ఏవి ఉంచాలి, ఏవి వద్దు అని కమిటీ కూర్చుంది. ఉర్దూ బడి మాస్టరు ఆ ఏడే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆయన వదిలిన పుస్తకాలు ఒక సందూకు నిండా ఉన్నాయి. కథలు, లెక్కలు, యునానీ వైద్యం, ప్రపంచ పటాలు.

"ఇగ ఉర్దూ ఎందుకు? ఆ రాజ్యం పాయె, ఆ రాత పాయె," అన్నాడు పటేల్. "ఎక్కడన్న పారెయ్."

తర్వాత ఆడవాళ్ళ కథల పుస్తకాలు. పంతులు వాటిని చిటికెనవేలితో పక్కకు నెట్టాడు. "ఆడోళ్ళు కతలు పట్టుకుంటే పొయ్యి మీద పప్పు ఎవరు చూస్తరు?"

తర్వాత నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు అచ్చువేసిన సన్నని పుస్తకాలు. "ఇవి మోటు పాటలు. రోజూ పొలంల వినపడేటివే. వీటికి బీరువ ఎందుకు?" అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు.

బీరువాలో చోటు దేనికి దొరికిందంటే పురాణాలకు, నీతి పద్యాలకు, బావమరిది వంశానికి. నేను ఆ తోసిపారేసినవన్నీ గోనెసంచిలో కట్టాను. పారెయ్యమన్నాడు కాని ఎక్కడ అన్నది నా ఇష్టానికి వదిలాడు.

ఉంచిన పుస్తకాలైనా చేత్తో పట్టుకుంటే రాలిపోయేవి. కుట్టించాలి. పట్నం పంపితే ఖర్చు. పటేల్ మాదిగవాడకు మనిషిని పంపి, చెప్పులు కుట్టే పెద్దాయనను పిలిపించాడు. ఆయన వయసు పటేల్ తండ్రి కన్నా ఎక్కువ. చావడి ముందు ఎండలో నిలబెట్టి మాట్లాడాడు.

"ఏందిరా, చెప్పులు కుడ్తవు గద, బుక్కులు కుట్టరాదా?"

"కుడ్త పటేలా. సూది దిగేదైతే ఏదైన కుడ్త."

"తోలు ముక్క అంటొద్దు. అట్టకు గుడ్డనే ఎయ్యాలె. సమజైందా?"

"సమజైంది పటేలా."

వెట్టి కిందే ఆ పని. ఇచ్చేదేముంది, పుచ్చుకునేదేముంది. పుస్తకాల మూటలు ఆయన ఇంటికి చేరవేయడం, కుట్టినవి తేవడం నా వంతు.

ఆ ఇంట్లో కోడలు ఉండేది. ముందటేడే పట్నం నుంచి కాపురానికి వచ్చింది. ఆమె తండ్రి అక్కడ తోళ్ళ కార్ఖానాలో పనివాడు. బస్తీ బడిలో తెలుగు, కొంత ఉర్దూ నేర్చుకుంది. మామకు చదువు రాదు. విడిపోయిన పేజీలను వరుసలో పేర్చేది ఆమె. పేర్చి, తిరగేసి చూసి, తోలుకు తూట్లు పొడిచే ఆరె పట్టుకున్న మామ చేతికి ఇచ్చేది. ఆయన మైనం పట్టిన దారం లాగి బిగించేవాడు. ఆమె ఉడికించిన పిండి జిగురులో మైలుతుత్తం కలిపి అట్టలకు రాసేది. పని నడుమ కాస్త తెరిపి దొరికితే పైకి చదివేది. మామ సూది ఆపి వినేవాడు. పక్కిళ్ళవాళ్ళు వాకిట్లో చేరేవారు.

నేను వెళ్ళేసరికి ఒకరోజు ఆమె నా మీద లేచింది.

"అన్నా, పురాణంల మంచిగున్న కత సగంల ఉండంగనే తీస్కపోతివి. ఆ పిల్ల బావిల దుంకిందా, బతికిందా?"

"నువ్వే పేర్చినవు గద చెల్లె, నీకు తెల్వదా?"

"పేరుస్తుంటే నంబర్లే చూస్త. సదువుకుంట కూసుంటే మా మామ ఊకుంటడా?"

"ఊకుంట గని, జిగురు మాడిపోతుంది, చూడు," అన్నాడు మామ.

ఆమె నవ్వలేదు. పొయ్యి మీది గిన్నె దించి వచ్చి, నా ముందు నిలబడి అడిగింది. "నా పేరు గూడ రాస్కోరాదె అన్నా. కుట్టుడు ఉన్నన్ని దినాలే నాకు సదువు. కుట్టుడైపోతే ఏంది నా సంగతి? నేను ఆడికొచ్చి, బీరువల కెల్లి, నా చేతులతోటి బుక్కు తీస్కోవాలె. సదివి మల్ల పెడ్త. ఇంకొకలు తెచ్చిచ్చుడు గాదు."

అడిగింది అంతే. ఆ రోజు డైరీలో ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. కమిటీలో మార్చి చెప్పకుండా ఉండాలని.

మార్చకుండానే చెప్పాను. ముందు నవ్వారు. తర్వాత పటేల్‌కు ఒక చిక్కు గుర్తొచ్చింది. పట్నం నుంచి గ్రంథాలయాలు చూసే పెద్దమనిషి ఒకాయన వస్తాడని కబురు వచ్చింది. ఆయనకు నచ్చితే కొత్త పుస్తకాల పెట్టె పంపుతారు. కాని గ్రంథాలయం అందరిదీ కావాలన్నది షరతు. అందుకని అప్పటికే గుమ్మం మీద 'అందరికీ ప్రవేశం' అని నీలిరంగు బోర్డు రాయించారు.

"బోర్డు ఉండనే ఉన్నది గద," అన్నాడు పంతులు. "లోపలికి రమ్మని ఎవరన్నరు?"

"అట్ల గాదు. మాట రావొద్దు," అన్నాడు పటేల్. "ఆళ్ళకు వేరేగ పెడుదాం."

పెట్టారు. కిరసనాయిలు డబ్బాలు వచ్చే చెక్కపెట్టె ఒకటి మెట్ల కింద, చెప్పులు విడిచే చోట పెట్టి, కుట్టడానికి కూడా పనికిరావని తీసేసిన తుక్కు అందులో పోశారు. ఎలుక గూడు ఉన్న మూట కూడా అందులోనే. పటేల్ చేతులు దులుపుకుని, "చూసినవా, ఎవ్వరికి తక్కువ చెయ్యలే," అన్నాడు. ఆయన ముఖంలో నిజమైన తృప్తి ఉంది. అదే నేను ఇప్పటికీ మింగలేనిది. అబద్ధమని తెలిసి చేసినవాణ్ణి క్షమించవచ్చు. ఆయన నిజంగానే దానం చేశాననుకున్నాడు.

ఆమె వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకుని, మెట్లకు తగలకుండా ఒదిగి కూర్చుని, పెట్టెలోంచి ఒకటి తీసింది. మధ్యలో తొర్ర. ఇంకొకటి తీసింది. అట్ట తప్ప లోపల ఏమీ లేదు.

"ఇదేందన్నా, కోళ్ళగూడు లెక్కున్నది?"

నేను పెట్టెలో చెయ్యి పెట్టి ఇంకొకటి వెతికాను.

"ఎలుకలు సదివినంక మాకా?" అంది. లేచి, చేతులు మట్టితో రుద్దుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా జరగకముందే, కుట్టిన పుస్తకాలు మొదటి మూట తెచ్చిన రోజున, పంతులు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఇత్తడి చెంబు. అందులో పసుపునీళ్ళు, ఆవు పంచితం. చేతిలో మామిడి రెమ్మ. నేను పుస్తకం చాప మీద దూరంగా పెట్టాలి. ఆయన రెమ్మతో చల్లుతాడు. అట్ట మీద చల్లితే సరిపోదట. ఆమె ప్రతి పేజీ ముట్టింది కదా. అందుకని ఒక పుల్లతో పేజీలు విడదీసి లోపల లోపల చల్లాడు. అక్షరాల మీద పసుపు చుక్కలు పాకాయి.

"కాగితం పాడైతది పంతులూ."

"నాకు చెప్తవారా? తడి ఆరుతది. మైల ఆరుతదా?"

తడి ఆరలేదు. ఎట్లా ఆరుతుంది? చల్లడమే ఆలస్యం, బీరువాలో దగ్గరదగ్గరగా పేర్చి తాళం వేయించాడు. పట్నం పెద్దమనిషి వచ్చేదాకా తెరవకూడదు, కొత్త అట్టలు మాసిపోతాయని పటేల్ ఆజ్ఞ. అప్పటికి వానలు పట్టాయి. మూట వెంట మూట అట్లాగే తెచ్చాం, అట్లాగే తడిపాం, అట్లాగే లోపల పెట్టాం. బీరువా తలుపు వారకు చెవి పెడితే లోపల ఏదో నమిలే చప్పుడు వినిపించేది. అది ఒక గ్రంథాలయం, ఎవ్వరూ చదవని గ్రంథాలయం. చదివేవి పురుగులు మాత్రమే.

కమిటీ తోసిపారేసిన పుస్తకాల సంచి మోసుకుని నేను ఆమె ఇంటికి వెళ్ళాను. ఉర్దూవి, కథలవి, పాటలవి. "వీటిని పారెయ్యమన్నరు. ఈడ పారేస్తున్న," అన్నాను.

మామ సంచి విప్పి ఒక పుస్తకం వాసన చూశాడు. "మంచిగనే ఉన్నయి బిడ్డా. కుడ్దామా?"

"కుట్టు మామా."

కుట్టాడు. పటేల్ పంపిన చివరి మూట కూడా ఆయన దగ్గరే మిగిలి ఉంది. ఆమె వాసానికి తాళ్ళు కట్టి ఒక పలక వేలాడదీసి అన్నీ దాని మీద పేర్చింది. మధ్య మధ్య ఎండిన వేపాకు. ఉర్దూ పక్కన తెలుగు, పురాణం పక్కన నాట్లపాటలు. ఏది ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పలేదు. చేయి అందిన వరుసలో పెట్టింది.

వానలు వెలిశాక పట్నం పెద్దమనిషి వచ్చాడు. రాజ్యం మారాక కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. బోర్డు చదివి సంతోషించాడు. మెట్ల కింది పెట్టెను చూసి, "ఇదేమిటండీ?" అన్నాడు. "చిత్తు," అన్నాడు పటేల్. ఎవ్వరికీ తక్కువ చెయ్యలేదని నాతో అన్న నోటితోనే.

నేను బీరువా తాళం తీశాను.

ఆ వాసన మొదట గొంతులోకి పోయింది, తర్వాత ముక్కుకు తెలిసింది. పుస్తకాల వీపుల మీద ఆకుపచ్చ బూజు, దాని మీద నల్ల బూజు. పేజీలు తడి రొట్టెల్లా అతుక్కుపోయాయి. పిండి జిగురు ఉబ్బి బయటికి కారింది. కారిన చోట తెల్లటి పురుగులు గుంపుగా కదులుతున్నాయి. ఆయన ఒకటి పట్టుకుని లాగబోతే వేలు అట్టలో దిగబడింది. గబుక్కున చేయి వెనక్కు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. బావమరిది వంశం మొత్తం ఒక్క ముద్ద అయింది. ఒక్క క్షణం నాకు నవ్వు వచ్చింది. పటేల్ మాట వినగానే పోయింది.

"చూసిన్రా సాబ్. ఆ మాదిగోని చేతికుట్టు. తోలు ముట్టిన చేతులు. అందుకే గిట్ల కుళ్ళినయి."

పంతులు తలూపాడు. ఆయన వెనక గూట్లో ఇత్తడి చెంబు ఉంది, పైన ఎండిన మామిడి రెమ్మ ఉంది. పుస్తకాలు కుట్టిన పెద్దాయన వాకిట్లో ఎండకు నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ నిందతో ఇక ఆయన కోడలి పేరు ఏ జన్మకూ ఆ గదిలోకి రాదని నాకు అర్థమైంది.

"ఆయన కుట్టినవి ఇంకా ఉన్నయి," అన్నాను. "ఆయన ఇంట్ల. అవి కూడ చూసి చెప్పున్రి."

"చూద్దాం పదండి," అన్నాడు పెద్దమనిషి. పటేల్ నన్ను చూసిన చూపు వేరే. కాని పట్నం మనిషి ముందు ఏమనగలడు?

మాదిగవాడలో అడుగు పెట్టగానే పెద్దమనిషి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అదే రుమాలు, ఇందాక బూజు తుడిచినది. అలికిన వాకిలి. లోపల పలక మీద పుస్తకాలు. ఆమె ఒక్కొక్కటీ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన తెరిచాడు. పేజీలు గలగలమన్నాయి. కుట్టు గట్టిగా ఉంది. ఉర్దూ పుస్తకం కూడా తిప్పి చూశాడు.

"ఇవీ ఈయనే కుట్టారా అండీ?"

"మా మామనే కుట్టిండు. నేను పేజీలు పేర్చిన."

"మరి అక్కడివి ఎందుకు అట్లా అయినాయి?"

"వాటికి నీళ్ళు సల్లిన్రు," అందామె. "వీటికి సల్లలే."

పెద్దమనిషి పటేల్ వైపు తిరిగాడు. "నీళ్ళా? పుస్తకాల మీదా?"

"శుద్ధి సాబ్. జరంత," అన్నాడు పటేల్, రెండు వేళ్ళ సందు చూపిస్తూ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆమె నా వైపు చూసింది. ఇప్పుడు అడుగుతాడు, ఈ అమ్మాయి బోర్డు ఉన్న గదిలోకి ఎందుకు రావడం లేదని అడుగుతాడు అని నేనూ అనుకున్నాను. ఆయన అన్నది ఇది: "మిగిలినవి ఇవే కనుక వీటిని తీసుకువెళ్ళి గ్రంథాలయంలో భద్రంగా పెట్టించండి. ఇక ఒక్క చుక్క కూడా చల్లకండి. చల్లారని తెలిస్తే పెట్టె రాదు."

ఆమెను ఏమీ అడగలేదు. పేరు కూడా అడగలేదు. తిరిగి ఊళ్ళోకి రాగానే బావి దగ్గర ఆగి చేతులు చాచాడు. నీళ్ళు నేనే పోశాను. కుళ్ళిన పుస్తకం ముట్టినప్పుడు రుమాలుతో సరిపోయింది. పొడిగా, శుభ్రంగా ఉన్న పుస్తకాలు ముట్టినందుకు చేతులు కడుక్కోవలసి వచ్చింది, మోచేతుల దాకా. పటేల్ మీద కూడా నాకంత అసహ్యం పుట్టలేదు. పటేల్ ఎవరో నాకు తెలుసు. ఈయన అందరికీ ప్రవేశం ఉందా అని చూడటానికి వచ్చినవాడు.

ఆయన పోయాక పటేల్ ఇరకాటంలో పడ్డాడు. పుస్తకాలు తేవాలి. చల్లకుండా పంతులు లోపల పెట్టనివ్వడు. చల్లితే పెట్టె రాదు. రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టారు. చెరువు పక్కన పెద్ద బండ ఉంది. పుస్తకాలు ఆ బండ మీద పెట్టి వాళ్ళు పోవాలి. కొంతసేపు ఎండ తగిలాక ఇటువాళ్ళు తీసుకోవాలి. ఎండ కూడా శుద్ధే అని పంతులు ఒప్పుకున్నాడు. కబురు నేనే తీసుకువెళ్ళాను.

"ఎండ చూపియ్యనీకె ఇవి వడియాలా?" అందామె.

"చెల్లె, పటేల్ ఊకుంటడా?"

"ఏం చేస్తడు? ఈడికొచ్చి గుంజుకపోతడా? గుంజుకపోవాల్నంటే ముట్టాలె గద. ఇగ ఫికర్ లేదు." మామ వైపు చూసి, మళ్ళీ నాతో అంది. "కావాల్నన్నోల్లని రమ్మను. వాకిట్ల కూసోని సదువుకోని పోమ్మను. ఇంటికి గావాల్నంటే తీస్కపోయి మల్ల తెచ్చియ్యమను. మేం ఎవ్వర్ని ఆపం."

ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పటేల్ ఉమ్మేశాడు. కొన్నాళ్ళకు ఆయనకు గ్రంథాలయం మీద మోజు తీరింది. బీరువా కడిగి మిరపకాయలు పోసుకున్నాడు. నేను తాళంచెవి చావడి అరుగు మీద పెట్టి వచ్చాను. పట్నం నుంచి పెట్టె ఏదీ రాలేదు. నీలిరంగు బోర్డు చాలాకాలం అట్లాగే ఉంది.

పంతులు వస్తాడని మాత్రం నేను అనుకోలేదు. తన అటక మీంచి గ్రంథాలయానికి ఇచ్చిన పుస్తకాల్లో ఆయన తండ్రిది ఒకటి ఉందట. అంచుల నిండా తండ్రి చేతిరాత. తండ్రి తద్దినం దగ్గర పడింది. అప్పుడు వెతుక్కున్నాడు. బీరువాలోనివన్నీ ముద్దయ్యాయి. ఇది చివరి మూటలో ఉండిపోయి, పలక మీద పొడిగా ఉంది.

వాడ మొదట్లో గొడుగు వేసుకుని నిలబడి కేకేశాడు, ఎవరూ ఎదురు రాకపోతే అరుగు దాకా వచ్చాడు. నేను అప్పుడు వాకిట్లో ఉర్దూ కథ చదువుతున్నాను, మామ కోసం. తోళ్ళ పనికి పట్నం పోయివచ్చిన మనిషి, ఉర్దూ చదవలేకున్నా వింటే అన్నీ తెలుస్తాయి. ఆమె పుస్తకం తెచ్చింది. పంతులు ఉత్తరీయం రెండు కొసలూ పట్టుకుని జోలెలా చాచాడు, పైనుంచి వేయమని.

"జోలెల పెట్టనీకె ఇది బియ్యమా అయ్యా?" అని, అరుగు అంచున పెట్టి పక్కకు జరిగింది. "తీస్కోండ్రి. మల్ల తెచ్చియ్యాలె."

వంగి తీసుకున్నాడు. కొసలతో పట్టుకుని పోయాడు.

నాలుగు రోజులకు తెచ్చాడు. ఆయన అరుగు మీద పెట్టకముందే నాకు తెలిసిపోయింది. ఆ వాసన. తన తండ్రి చేతిరాత మీద కూడా చల్లాడు. అంచుల్లో సిరా చెదిరి నీలం మరకలైంది.

ఆమె దగ్గరికి వంగి ముక్కు ఎగబీల్చింది. ముట్టలేదు.

"తడి ఉన్నది పంతులయ్యా."

"ఎండుతది."

"ఎండిందాక మీరే పట్టుకోండ్రి. రెక్కకు రెక్క ఇడదీసి ఎండకు పట్టాలె. నేను ముడితే మల్ల తడుపుతరు గద."

ఆయన ముఖం ఎర్రబడింది. కాని తండ్రి పుస్తకం. ముద్దయిన బీరువా ఆయన కళ్ళారా చూసినదే. గొడుగు మడిచి, వాకిలి మధ్య ఎండలో నిలబడి, పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. ఒక పేజీ ఆరాక ఇంకొకటి తిప్పుతున్నాడు. దంపుళ్ళు ఆపి ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"ఊకెనే నిలబడ్డడు గద, సదవమనున్రి," అంది ఎవరో ముసలామె.

"జర గట్టిగ సదువున్రి పంతులూ. నాకు చెవుడు," అన్నాడు మామ. ఆయనకు చెవుడు లేదు.

పుస్తకం చేతిలో ఉంటే ఊరకుండలేడు, బడిపంతులు కదా. ముందు గొణిగాడు, తర్వాత గొంతు తనంతట తనే లేచింది. మంచి గొంతు. తండ్రి రాత చెదిరిన అంచు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగేవాడు. కళ్ళు దగ్గరగా పెట్టి చూసేవాడు. అక్కడ ఏముందో ఇక ఎవరూ చదవలేరు. మళ్ళీ అచ్చు మీదికి పోయేవాడు. నీడ అరుగు ఎక్కేదాకా చదివాడు.

పంతులు మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. పుస్తకం అరుగు మీద పెట్టి నేరుగా బావికి పోయి, బట్టలతోనే నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. నేను చూశాను.

ఆమె అప్పుడు పుస్తకం చేతిలోకి తీసుకుంది. వేలితో పేజీలన్నీ తడిమింది. ఆరింది. కాని వాసన పోలేదు. లోపలికి నడవబోయి గడప దగ్గర ఆగింది.

"పలక మీద పెట్టవా?" అన్నాను.

"వద్దన్నా. మంచి పుస్తకాలకు అంటుకుంటది." దారం ముక్క తెంపి పుస్తకాన్ని చుట్టి, వాకిలి బయట చూరుకు వేలాడదీసింది. "వాసన పోయిందాక ఇది బయటనే ఉండాలె."